వడ్రంగం పత్రిక బతకాలంటే నెలనెలా రాకూడదు

తెలుగులో వడ్రంగం మీద ఒక మంచి పత్రిక ఎందుకు లేదని అడిగితే వెంటనే వచ్చే జవాబు "చదివేవాళ్లు ఏరీ?" అని. మార్కెట్ చిన్నదట. మేస్త్రీలు చదవరట, చదివేవాళ్లేమో ఉలి పట్టరట. ఈ మాటలు ఎంతోకాలంగా వింటున్నవే, ఒక్కటీ నిలబడేది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షల మంది. జనాభా మూడు కోట్లు కూడా లేని ఆస్ట్రేలియాలో 'ఆస్ట్రేలియన్ వుడ్ రివ్యూ' అనే చెక్కపని పత్రిక మూడు నెలలకోసారి ఏళ్ల తరబడి వస్తోంది. మన నెల్లూరు నుంచే 'జమీన్ రైతు' వారపత్రిక దాదాపు వందేళ్లుగా నడుస్తోంది. ఒక్క జిల్లా సంగతులు నమ్ముకుని ఒక పత్రిక అంతకాలం నిలిచిందంటే చిన్న మార్కెట్ అన్నది సాకు మాత్రమే. బయటివాడు ఇవ్వలేనిది ఇస్తే చిన్న మార్కెట్టూ పోషిస్తుంది.

నా వాదన సూటిగా ఇదీ. వడ్రంగం పత్రికను చంపేది పాఠకుల కొరత కాదు, అది ఎంచుకునే రూపం. నెలనెలా రావడం, ఏజెంట్ల చేతుల్లో పెట్టడం, ప్రకటనల కోసం ఎదురుచూడటం, ధర యాభై రూపాయలు దాటకూడదని భయపడటం, ఇవన్నీ వార్తాపత్రిక నుంచి అరువు తెచ్చుకున్న అలవాట్లు. వార్త మర్నాటికి పాతబడుతుంది. ద్వారబంధానికి కుసి, అంటే ఇంకో చెక్క రంధ్రంలో దూరే కొస, ఎంత లావు ఉండాలన్నది పదేళ్లయినా పాతబడదు. పాతబడని సరుకును పాతబడే సరుకులా అమ్మడం దగ్గరే నష్టం మొదలవుతుంది.

బయట దేశాల్లో ఏం జరిగిందో చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. అమెరికాలో 'ఫైన్ వుడ్‌వర్కింగ్' 1975లో మొదలైంది. మొదట్లో నలుపు తెలుపుల్లోనే అచ్చయ్యేది. 1979లో 'వుడ్‌స్మిత్' వచ్చింది, అదీ ఒక్క ప్రకటన కూడా వేసుకోకుండా. పాఠకుడు ఇచ్చే చందాయే అప్పట్లో దాని తిండి. 2016లో మొదలైన 'మార్టిస్ అండ్ టెనాన్' కూడా ప్రకటనలు వేయదు, ఏడాదికి రెండే సంచికలు. ఇంకో పక్క 'పాపులర్ వుడ్‌వర్కింగ్'తో పాటు ఇంకెన్నో పత్రికలు చేతిలో ఉన్న ఎఫ్ ప్లస్ డబ్ల్యూ అనే పెద్ద కంపెనీ 2019 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. పత్రికల మీద ధ్యాస తగ్గించి ఆన్‌లైన్ అమ్మకాల మీద డబ్బు గుమ్మరించడం ఆ కంపెనీ కోర్టుకు చెప్పుకున్న కారణాల్లో ఒకటి. చదివేవాడి జేబులోంచి నేరుగా డబ్బు వచ్చే పత్రిక చిన్నదైనా నిలబడింది. చదివేవాణ్ణి చూపించి ఇంకోటేదో అమ్మాలనుకున్నది ఎంత పెద్దదైనా కూలింది.

అయితే వాళ్ల నమూనాను ఉన్నదున్నట్టు దించుకుంటే మనకు కుదరదు. అక్కడ పాఠకుడు ఎక్కువగా సరదాకి చెక్కపని చేసేవాడు. ఉద్యోగం వేరే, గ్యారేజీలో రంపం వేరే. మన దగ్గర పాఠకుడు కావలిలోనో కనిగిరిలోనో రోజుకూలికి, లేదా చదరపు అడుగు లెక్కన పని ఒప్పుకునే మేస్త్రీ. అతనికి అందమైన ఫొటోలతో పనిలేదు. రేపు పొద్దున బిగించాల్సిన డ్రాయరు ఎందుకు పట్టేస్తోందో తెలియాలి. ఆ ఒక్క సందేహం తీరితే రెండొందలు ఖర్చుపెట్టడానికి వెనకాడడు. ఒక జత డ్రాయరు ఛానెళ్లు (సొరుగు జారే ఇనుప పట్టాలు) పాడైతే పోయేది అంతకంటే ఎక్కువ.

ముందు డబ్బు లెక్క చూద్దాం. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి, ప్రెస్సును బట్టి, కాగితం ధరను బట్టి మారతాయి. లోపల 48 పేజీలు, పైన 4 పేజీల కవరు ఉన్న ఒక సంచిక అనుకోండి. రాసేవాళ్లకు, బొమ్మలు గీసేవాళ్లకు, ఫొటోలకు, నమూనా చేసి చూడటానికి పట్టే చెక్కకు, పేజీలు పేర్చడానికి, ప్లేట్లకు కలిపి 80,000 రూపాయలు. ఒక కాపీ వేసినా వెయ్యి వేసినా ఇది మారదు. ఆ పైన కాపీకి కాగితం, అచ్చు, పిన్ను కలిపి 35 రూపాయలు.

ఇప్పుడు అలవాటైన దారిలో పోదాం. 3,000 కాపీలు వేస్తే ఖర్చు 1,85,000. ధర 50 రూపాయలు. ఏజెంటు మూడో వంతు ఉంచుకుంటే మనకు వచ్చేది కాపీకి 33. వేసినవాటిలో నూటికి 40 తిరిగొస్తే అమ్ముడైనవి 1,800, చేతికి వచ్చింది 60,000. లక్షా పాతిక వేలు నష్టం, అదీ ఒక్క నెలలో. ఈ గుంట పూడ్చడానికి ప్రకటనలు కావాలి. ప్లైవుడ్ కంపెనీలు, జిగురు కంపెనీలు ఎక్కువ కాపీలు వేసే దినపత్రికకు ఇస్తాయి గానీ మూడు వేల కాపీలకు ఎందుకిస్తాయి? ఒకవేళ ఇచ్చినా, ఆ జిగురు తడి తగిలితే వదిలేస్తుందన్న మాట ఆ తర్వాత ఆ పత్రికలో అచ్చు కాదు. మేస్త్రీకి కావలసింది సరిగ్గా ఆ మాటే.

రెండో దారి ఇలా ఉంటుంది. 800 కాపీలే వేయాలి. ఖర్చు 1,08,000. ధర 200, తపాలా వేరు. ముందే డబ్బు కట్టినవాళ్లు 600 మంది ఉంటే 1,20,000 వచ్చేస్తుంది. అచ్చు ఖర్చు గట్టెక్కి పన్నెండు వేలు మిగిలింది. అసలు లాభం బీరువాలో ఉన్న 200 కాపీల్లో ఉంది. అవి పాత సంచికలు కావు, పాతబడని సరుకు. రెండేళ్లలో మెల్లగా అమ్ముడైనా మరో 40,000. తొమ్మిది సంచికలు బయటికొచ్చేసరికి కొత్తగా చేరిన పాఠకుడు పాతవన్నీ ఒకేసారి అడుగుతాడు. వార్తాపత్రికకు ఆ యోగం ఎప్పటికీ పట్టదు.

"ఏందయ్యా, యాభై రూపాయల పుస్తకాన్ని రెండొందలంటావే?" అనేవాళ్లుంటారు. వాళ్లకు ధర తగ్గించి ఇవ్వబోతే అసలుకే ఎసరు. ధర తగ్గించాల్సిన పనిలేదు. పేజీలు నింపడానికి వేసే చెత్త తీసేస్తే చాలు. పండగ శుభాకాంక్షలు, సంఘం సభల ఫొటోలు, ఎవరెవరికో సన్మానాలు... ఇవి వేసిన పేజీ ప్రతిదీ మేస్త్రీ దృష్టిలో ధరను పెంచినట్టే.

తపాలా దగ్గర చాలామంది ఆలోచించని చిక్కు ఒకటుంది. పుస్తకాలను రిజిస్టరు చేసి చవగ్గా పంపే పాత పద్ధతిని తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టు కూడా స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. చిన్న ప్రచురణకర్తలకు ఇది గట్టి దెబ్బ. పుస్తకాలను చవగ్గా పంపడానికి 2025 మే 1న 'జ్ఞాన్ పోస్ట్' వచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్ను అదనం. ధర బాగుంది. కానీ నియమం చదవాలి. క్రమం తప్పకుండా వెలువడే ప్రచురణలు, ప్రకటనలున్నవి, వ్యాపార ప్రచురణలు అందులో చెల్లవు. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండి తీరాలి. అంటే "మార్చి సంచిక, సంపుటి 2" అని వేసి, వెనక అట్ట మీద ప్రకటన పెట్టుకున్న పత్రికకు ఆ కౌంటరు మూసుకుపోయినట్టే.

అందుకే నేననేది, దీన్ని పేరుకు పత్రికలా కాక నిజంగానే విడివిడి పుస్తకాల వరుసగా తేవాలని. ఒక్కో పుస్తకం ఒక్క విషయం మీద పూర్తిగా ఉండాలి. తలుపులు ఒకటి, డ్రాయర్లు ఒకటి, చెక్క ఆరబెట్టడం ఒకటి. పని పూర్తయినప్పుడు వస్తుంది. ఏడాదికి మూడు దాటదు. ఇది తపాలా కౌంటరును మోసం చేయడానికి వేసే ముసుగు కాకూడదు. పేరు మార్చి లోపల అదే పత్రిక పెడితే ఒకటి రెండుసార్లు వెళ్తుందేమో, మూడోసారి కట్టలన్నీ తిరిగొస్తాయి. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ సంఖ్య మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. పత్రికల మీదా లేదు గానీ, పత్రికలో ప్రకటన చోటు అమ్మితే దాని మీద 5 శాతం ఉంటుంది.

కాదు, మాకు పత్రికే కావాలి, సంఘం వార్తలూ కూలి రేట్లూ వేస్తాం అనుకుంటే 1867 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2023 చట్టం కింద నమోదు చేసుకోవాలి. అది 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది, పని అంతా ప్రెస్ సేవా పోర్టల్‌లోనే. ఆ చట్టంలో శాస్త్ర, సాంకేతిక, విద్యాసంబంధ జర్నళ్లను పత్రిక అన్న నిర్వచనం నుంచి తప్పించారు. వడ్రంగం పత్రిక సాంకేతికమా కాదా అన్నది వాదించుకోదగ్గ విషయమే, కాబట్టి ముందే రాసి అడిగి జవాబు దగ్గరుంచుకోవడం మేలు.

బరువు లెక్క కూడా ప్రెస్సుకు వెళ్లకముందే చేసుకోవాలి. ఏ4 సైజులో 48 పేజీలంటే 24 ఆకులు. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) మాప్లిథో, అంటే మెరుపు లేని మామూలు అచ్చు కాగితం అయితే ఒక్కో ఆకు 4.4 గ్రాములకు కాస్త తక్కువ, మొత్తం 105 గ్రాములు. 170 జీఎస్ఎం కవరు 21 గ్రాములు. దీనికి తోడు ఏ2 సైజులో, 60 జీఎస్ఎం మీద మడతపెట్టిన నమూనా కాగితం ఒకటి వేస్తే 15 గ్రాములు. అంతా కలిపి 141. రెండు పుస్తకాలు జంటగా పంపితే 282, పైన చుట్టే కవరుకు మిగిలేది 18 గ్రాములే. దళసరి బ్రౌన్ కవరు వాడితే 300 దాటేస్తుంది. 170 బదులు 220 జీఎస్ఎం అట్ట వేసినా అంతే. కాగితం జీఎస్ఎం మిల్లు నుంచి మిల్లుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది గనుక మొదటి కట్టను తూకం వేసి చూశాకే మిగతావి చుట్టాలి.

పేజీలు 48 అని ఊరికే అనలేదు. అచ్చు 16 పేజీల ఫారాల్లో నడుస్తుంది. మూడు ఫారాలకు 48. యాభై రెండు పేజీలు వేస్తే ఆ నాలుగు పేజీల కోసం మళ్లీ ప్లేట్లు, మళ్లీ మెషీను ఎక్కించాలి. మధ్యలో పిన్నే వేయాలి, గమ్ బైండింగ్ వద్దు. గమ్ వేసింది బల్ల మీద పరిచి ఉంచితే మూసుకుపోతుంది, గట్టిగా వంచితే ఆకులు ఊడతాయి. లోపల ఆర్టు పేపరు వాడితే ఫొటోలు బాగుంటాయి గానీ దాని మీద పెన్సిలు సరిగా పడదు, ట్యూబులైటు కింద మెరుస్తుంది. కొలత పక్కన మేస్త్రీ తన కొలత రాసుకోవాలి కదా. (ఇంకో సంగతి. ప్రకాశం పొలాల్లో వేసే సుబాబుల్, జామాయిలు చాలావరకు పోయేది కాగితం గుజ్జుకే. మన చెట్టు కాగితమై మన చేతికే తిరిగొస్తుంది, దాని మీద మన పని గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు.)

రూపం సరే, లోపల ఏముండాలి? ఇంగ్లీషు పత్రికల్లో వ్యాసాలు తెలుగు చేసి వేస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. ఒక్క ఉదాహరణ చూస్తే ఎందుకో తెలుస్తుంది.

చట్రంలో బిగించే ప్యానెల్ తలుపు తీసుకుందాం. చెక్క గాలిలో తేమను బట్టి ఉబ్బుతుంది, తగ్గుతుంది. మన వేడిలో గాలి తేమ 50 శాతం ఉంటే చెక్కలో తేమ 9 శాతం దగ్గర, గాలి తేమ 80 అయితే చెక్కలో 16 దగ్గర స్థిరపడుతుంది. లోపలి తలుపు అంత త్వరగా మారదు గనుక ఏడాదిలో 5 శాతం మార్పు అనుకుందాం. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి ఏడాది వలయాల వెంబడి 5.8 శాతం, వాటికి అడ్డంగా 2.5 శాతం తగ్గుతుంది. లెక్క కడితే, వలయాల వెంబడి కోసిన అడుగు వెడల్పు టేకు పలక 5 శాతం తేమ మార్పుకు దాదాపు 3 మిల్లీమీటర్లు కదులుతుంది. మేస్త్రీల లెక్కలో ఒక నూలుకు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతుకు, కాస్త తక్కువ. అదే వలయాలకు అడ్డంగా కోసింది అయితే అర నూలు కూడా కదలదు.

ఇప్పుడు కాలం సంగతి. చలిదేశపు పత్రిక ఏం చెబుతుందంటే, చలికాలంలో ఇళ్లలో హీటర్లు వేస్తారు కాబట్టి చెక్క ఎండి ఉంటుంది, అప్పుడు చేసిన ప్యానెల్‌కు ఖాళీ ఎక్కువ వదలండి అని. నెల్లూరులో అది తలకిందులు. ఇక్కడ మేలో వడగాలికి చెక్క ఎండిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు, అప్పుడే ఉబ్బుతుంది. మేలో చేసే అడుగు వెడల్పు ప్యానెల్‌కు గాడిలో రెండు పక్కలా కలిపి కనీసం ఒక నూలు ఖాళీ ఉంచాలి. ఉంచకపోతే నవంబరులో అది చట్రాన్ని పక్కలకు తోసి కుసి దగ్గర సందు తెరుస్తుంది. నవంబరులో చేస్తే ఖాళీ దాదాపు అక్కర్లేదు, కానీ గాడి లోతు నాలుగు నూళ్లకు తగ్గకూడదు. లేకపోతే మే వచ్చేసరికి ప్యానెల్ కుంచించుకుని ఒక పక్క గాడిలోంచి బయటపడుతుంది. ప్యానెల్ అంచులకు జిగురు ఏ కాలంలోనూ పెట్టకూడదు. పెడితే కదలడానికి దారిలేక మధ్యలో నిలువునా చీలుతుంది. రంగు కూడా బిగించకముందే ఒక పూత వేయాలి. బిగించాక వేస్తే, పలక తగ్గినప్పుడు అంచున రంగులేని తెల్లగీత బయటపడుతుంది.

ఈ పేరా తర్జుమాలో దొరకదు. ఇక్కడి గాలి, ఇక్కడి చెక్క తెలిసినవాడు రాయాలి. వేప, నల్లతుమ్మ, మామిడి, నిద్రగన్నేరు, సరుగుడు, ఇవి మన మేస్త్రీ చేతికి వచ్చేవి. ఓక్, వాల్‌నట్ గురించి ఎన్ని పేజీలు చదివినా నల్లతుమ్మ చేవ మీద ఉలి ఎందుకు జారుతుందో తెలియదు. బెంగళూరులో కేంద్రప్రభుత్వ సంస్థ ఐడబ్ల్యూఎస్‌టీ మన చెక్కల మీదే పరిశోధన చేస్తుంది. ఆ తరహా సమాచారాన్ని నూళ్లలోకి, అంగుళాల్లోకి దించి ఇవ్వడం ఒక పత్రిక చేయాల్సిన పని.

కొలతల గందరగోళం ఇంకోటి. చెక్క అంగుళాల్లో, నూళ్లలో కోస్తాం. హార్డ్‌వేర్ అంతా మిల్లీమీటర్లలో వస్తుంది. ఈ రెంటి మధ్య సందులోనే తప్పులు దొర్లుతాయి. ప్లైవుడ్‌ను ముప్పావు అంగుళం అని పిలుస్తాం, షీటు మీద 18 మి.మీ. అని ఉంటుంది. ముప్పావు అంటే 19. ముప్పావు బిట్టుతో గాడి తీస్తే ప్లై అందులో ఒక మిల్లీమీటరు వదులుగా ఆడుతుంది, జిగురు ఆ సందును పట్టి ఉంచలేదు. డ్రాయరుకు వాడే బాల్‌బేరింగ్ ఛానెల్ ఒక్కో పక్క 12.7 మి.మీ., అంటే సరిగ్గా అరంగుళం తింటుంది. కాబట్టి డ్రాయరు పెట్టె బయటి వెడల్పు, లోపలి ఖాళీ కంటే 25.4 తక్కువ ఉండాలి. 26 అయినా నడుస్తుంది. 24 అయితే పట్టేస్తుంది. 28 దాటితే బేరింగు పట్టు సరిగా దొరకక, బరువు పెట్టి లాగినప్పుడు ఊగుతుంది. మైకా అంటించాల్సి ఉంటే దాని దళసరి కూడా ముందే తీసేయాలి. అది మరిచిపోవడం వల్లే చాలా డ్రాయర్లు పట్టేస్తాయి.

కోత జాబితా అంటే ముక్కల కొలతలు వరసగా రాయడం కాదు. 8 అడుగుల షీటులో అడుగు ముక్కలు ఎనిమిది వస్తాయని రాసే జాబితా అచ్చుకు పనికిరాదు. రంపం పన్ను ఒక్కో కోతకు 3 మి.మీ. తింటే ఏడు కోతలకు 21. ఎనిమిదో ముక్క దాదాపు 20 మి.మీ. పొట్టిగా వస్తుంది. అలాంటి తప్పు ఒక్కటి అచ్చయితే షీటు ఖరీదు పాఠకుడికి, పరువు నష్టం పత్రికకు.

ఫోనులో వీడియోలు ఊరికే దొరుకుతుంటే అచ్చు ఎందుకనే ప్రశ్నకు నా జవాబు ఆ ఏ2 కాగితం. కుర్చీ వెనక కాలు వంపు, మంచం తలవైపు చెక్కడం, గరిటె ఆకారం వంటివి నిజమైన కొలతలో గీసి ఇస్తే కత్తిరించి చెక్క మీద పెట్టి గీసుకోవచ్చు. ఫోను తెర మీద అది జరగదు. పీడీఎఫ్ ఇచ్చి జెరాక్సు షాపులో తీయించుకోమంటే, ప్రింటరు కాగితానికి సరిపెట్టడానికి నూటికి నాలుగైదు వంతులు కుదిస్తుంది. రెండడుగుల కాలు ఇంచుమించు అంగుళం పొట్టిదవుతుంది, అయినట్టు ఎవరికీ తెలియదు. కాబట్టి నమూనా కాగితం మీద ఒక మూల, నిలువుగా ఒకటి అడ్డంగా ఒకటి, సరిగ్గా 4 అంగుళాల గీతలు గీసి "ముందు దీన్ని కొలవండి" అని రాయాలి. రెండు గీతలు ఎందుకంటే కాగితం తేమకు ఒక దిక్కున ఎక్కువ సాగుతుంది, ఒక్క గీతతో అది పట్టుబడదు.

అచ్చుకు పంపేముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, ఖర్చు తగ్గించుకోవాలని చూసేవాళ్లు మొదట కోసేది దాన్నే. బొమ్మ గీసినవాడు, రాసినవాడు కాక, ఆ వస్తువును ఎప్పుడూ చేయని మేస్త్రీకి ఆ పేజీలు ఇచ్చి చేయించాలి. పక్కనుండి ఒక్క మాటా చెప్పకూడదు. అతను ఎక్కడ ఆగాడో, ఎక్కడ వెనక్కి పేజీ తిప్పాడో, ఎక్కడ పెన్సిలుతో కొత్త కొలత రాసుకున్నాడో గుర్తుపెట్టాలి. ఆగిన ప్రతిచోటా రాతలో లోపం ఉంది. సాధారణంగా దొరికేవి రెండు: ఏది ముందు జిగురుపెట్టి బిగించాలో క్రమం చెప్పకపోవడం, బొమ్మలో ఎదురుముఖం ఏదో వెనకముఖం ఏదో గుర్తులేకపోవడం. ఆ మేస్త్రీకి ఆ రోజుల కూలి, చెక్క ఖర్చు ఇవ్వాల్సిందే. పైన చెప్పిన 80,000లో అది కలిపే ఉంది.

ఇక మన జిల్లా సొంత సరుకు ఉదయగిరి. అక్కడ చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు నర్ది, బిక్కి లాంటి అడవి చెక్కలతో చేస్తారు, జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది. దాని గురించి ఇప్పటిదాకా వచ్చిన రాతలు ఎక్కువగా "ప్రాచీన కళ" అని పొగిడేవి. పని ఎలా జరుగుతుందో చెప్పేవి అరుదు. చెంచా సంగతే చూడండి. చెక్క పోగు, అంటే నారలు పోయే దిక్కు, పిడి పొడుగునా పోవాలి. మెడ దగ్గర, గిన్నె పిడిని కలిసేచోట, నార పక్కకు తిరిగి బయటికి పోతే చెంచా సరిగ్గా అక్కడే విరుగుతుంది. పక్కనుంచి చూస్తూ మెడను నార వెంబడే వంచి చెక్కాలి, లేదా అక్కడ దళసరి ఉంచాలి. దుంగ నడిగుండె ముక్కలో పడితే ఆరేటప్పుడు అక్కణ్ణుంచి పగులు మొదలవుతుంది, అందుకే దుంగను గుండె మీదుగా చీల్చి ఆ భాగం తీసేయాలి. పచ్చిమీద మొరటు ఆకారం చెక్కి, గిన్నెను చివరి దళసరికి కాస్త ఎక్కువగా ఉంచి, గాలి నేరుగా తగలని నీడలో ఆరబెట్టి, తర్వాతే ఆకురాయి పట్టాలి. కొసలకు మైనం పూస్తే తేమ ఒకేచోట నుంచి తొందరగా పోదు. ఇవన్నీ ఫొటో కింద ఒక వాక్యంలో ఇమిడేవి కావు, ఆరు పేజీలు కావాలి.

ఇక్కడ నాకో గట్టి పట్టింపు ఉంది. జీఐ కాపాడేది పేరును మాత్రమే. ఆకారాన్ని, పద్ధతిని ఎవరైనా తీసుకోవచ్చు. నిజమైన కొలతలో ఒక చెంచా నమూనా అచ్చువేస్తే, సీఎన్‌సీ మెషీను (కంప్యూటరుతో నడిచే కోత యంత్రం) ఉన్నవాడు వెయ్యి చేసి అమ్మగలడు. కాబట్టి ఏ ఆకారాలు బయటపెట్టవచ్చో ఆ పనివాళ్లే చెప్పాలి, చెప్పినదానికే పరిమితం కావాలి. వాళ్ల సమయానికి కూలి లెక్క కాకుండా రాసినవాడితో సమానంగా పారితోషికం ఇవ్వాలి. ఎర్రచందనం వస్తువుల తయారీ మాత్రం ఎంత బాగున్నా వేయకూడదు. వెలిగొండల్లో ఆ చెట్టు పడుతున్న బాధ చాలు.

ఆరొందల మంది ఎక్కడ దొరుకుతారు? పుస్తకాల షాపుల్లో కాదు. మేస్త్రీ వారానికి నాలుగుసార్లు పోయేది హార్డ్‌వేర్ షాపుకు, ప్లైవుడ్ షాపుకు, సామిల్లుకు. నెల్లూరు, ఒంగోలు, కావలి, కందుకూరు, పొదిలి, మార్కాపురంలో ఊరికి ఐదారు షాపులు ఎంచుకుని, ఒక్కో షాపులో ఐదు కాపీలకు మించి ఉంచకూడదు. అరువు ఇవ్వకూడదు. షాపువాడు కాపీకి 150 చొప్పున ముందే కొని 200కు అమ్ముకుంటాడు, కాబట్టి షాపుకు పోయే ప్రతి కాపీకి పైన వేసిన లెక్కలో 50 రూపాయలు తగ్గించుకోవాలి. తిరిగి తీసుకోవడం ఉండదు. అరువిస్తే డబ్బు వసూలుకు తిరిగే పెట్రోలు ఖర్చే తడిసి మోపెడవుతుంది. కౌంటరు మీద ఒక కాపీ విప్పి, దారంతో కట్టి ఉంచితే అమ్మకం దానంతటదే జరుగుతుంది. కవరులో మూసి ఉంచితే జరగదు.

ఐటీఐల్లో కార్పెంటర్ ట్రేడు ఏడాది కోర్సు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకు ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల వోచరు ఇస్తున్నారు. ఆ రోజులు అయిపోయాక కొత్త పనిముట్టును ఎలా సాన పట్టాలో, ఎప్పుడు బ్లేడు మార్చాలో అడగడానికి మనిషి ఉండడు. మన పుస్తకం పనికొచ్చేది అప్పుడే. సంస్థ మొత్తంగా కొంటుందని ఎదురుచూడకుండా, శిక్షణ ముగిసే రోజున బయట బల్ల వేసి చూపించాలి. మార్కాపురం పలకలకు చెక్కచట్రాలు బిగించిన చేతులు కూడా చిన్న చట్రం మూలలు కుదిరేలా కోయడం గురించి మనకు చెప్పాల్సింది చాలా ఉంది. వాళ్లను పాఠకులుగా కాదు, రాసేవాళ్లుగా వెతకాలి. చేత్తో రాయలేకపోతే చెప్పించుకుని రాయాలి, పేరు మాత్రం వాళ్లదే వేయాలి.

మొదటి ఏడాది మూడు పుస్తకాల వరస నా లెక్కలో ఇలా ఉండాలి. మొదటిది డ్రాయర్లు, ఛానెళ్లు. ఇప్పుడు ఎక్కువమంది చేతిలో ఉన్న పని అదే కాబట్టి డబ్బు ముందే కట్టేవాళ్లు దాని మీదే దొరుకుతారు. సంక్రాంతికి ముందు బయటికి రావాలి, పండగ తర్వాత కొత్త ఇళ్ల పనులు ఊపందుకుంటాయి. రెండోది తలుపులు, ద్వారబంధాలు, చెక్క కదలిక. ఏప్రిల్‌కల్లా రావాలి, ఎందుకంటే మేలో చేసే తలుపుకే ఆ లెక్క ఎక్కువ కావాలి. మూడోది ఉదయగిరి గరిటెలు. దానికి అక్కడివాళ్లతో మాట్లాడి ఒప్పందం రాసుకోవడానికే నెలలు పడుతుంది గనుక మొదటి పుస్తకం ప్రెస్సుకు వెళ్లిన వారంలోనే ఆ పని మొదలుపెట్టాలి. ఒప్పందం కుదరకపోతే తేదీ కోసం తొందరపడి వేయకుండా దాని స్థానంలో వేప, నల్లతుమ్మ ఆరబెట్టడం మీద పుస్తకం సిద్ధంగా ఉంచుకోవాలి. ముందే డబ్బు కట్టినవాళ్లకు మారిన సంగతి చెప్పి, వద్దన్నవాళ్లకు ఆ రెండొందలు వారంలోగా తిరిగి పంపాలి.